నేపాల్‌లో రెండు మూడు నెలలు: గది, నీళ్లు, డబ్బు, బస్సు

వారం రోజుల ప్యాకేజీలో నేపాల్ వెళ్లేవాళ్లు కిటికీలోంచి కొండ కనిపిస్తుందా లేదా చూసుకుని హోటల్ ఎంచుకుంటే సరిపోతుంది. నెలల తరబడి ఉండేవాళ్లు మాత్రం అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకసారి మేడ మీదికి ఎక్కి చూడాలి. నీళ్లు కాచే సోలార్ ట్యూబులు ఎన్ని ఉన్నాయి, నీళ్ల ట్యాంకులు ఎన్ని, ఆ నీళ్లు ఎన్ని గదులకు సర్దాలి అన్నది అక్కడే తేలిపోతుంది.

ఖాట్మండూలో కొళాయి నీళ్లు రోజూ రావు. పేటను బట్టి కొన్ని రోజులకోసారి కొద్ది గంటలు వదులుతారు. ఇంటివాళ్లు వాటిని నేల కింది తొట్టెలో పట్టి, మోటారుతో మేడ మీదికి ఎక్కిస్తారు. చాలకపోతే ట్యాంకర్ తెప్పించుకుంటారు. మెలమ్చీ నది నీళ్లు 2021లో నగరానికి చేరాయి. అదే ఏడాది వరదకు అక్కడి కట్టడాలు దెబ్బతిన్నాయి. అప్పటినుంచి వానాకాలంలో ఆ సరఫరా ఆపేస్తున్నారు. అందుకే బయట కుండపోతగా వాన కురుస్తున్నా బాత్రూంలో కొళాయి బుసకొట్టడం ఇక్కడ మామూలే. "ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి తెప్పిస్తారు?" అని ఇంటివాళ్లను సూటిగా అడగండి. తడుముకోకుండా చెప్పారంటే ఏర్పాటు ఉన్నట్టు. "నీళ్లకేం, ఫుల్లుగా ఉంటాయి" అని దాటేస్తే ఇంకో గది చూసుకోవడం మేలు.

"24 గంటలూ వేడినీళ్లు" అన్న మాట బోర్డు మీద ఉన్నంత ధారాళంగా షవర్‌లో ఉండదు. బడ్జెట్ గెస్ట్‌హౌసుల్లో ఎక్కువ సోలారే. పొద్దంతా కాగిన నీళ్లు సాయంత్రం మూడు నుంచి ఆరు దాకా బాగుంటాయి. రాత్రికి అందరూ వాడేస్తారు, తెల్లారేసరికి మిగిలింది చల్లారిపోతుంది. పొద్దున్నే తలస్నానం అలవాటున్నవాళ్లు గీజరో గ్యాస్ హీటరో ఉన్న గదే తీసుకోవాలి. గ్యాస్ హీటర్ బాత్రూం లోపలే బిగించి, కిటికీ లేకపోతే ఆ గది వద్దు. విషవాయువు చేరి ప్రాణాలు పోతాయి. గది చూడటానికి వెళ్లినప్పుడు వేడి కొళాయి తిప్పి మూడు నిమిషాలు వదిలి చూడండి. కింది అంతస్తుల్లో పైపు పొడవు కాబట్టి ముందు చన్నీళ్లే వస్తాయి, అది తప్పు కాదు. మూడు నిమిషాలయ్యాక కూడా చేయి చల్లగానే ఉంటే, డిసెంబరులో అసలే రావు.

చలికాలం సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. ఖాట్మండూ సుమారు 1,400 మీటర్ల ఎత్తులో ఉంది. ఇళ్లలో హీటింగ్ ఉండదు, సిమెంటు గోడలు రాత్రంతా చలి పట్టి ఉంటాయి. దక్షిణపు కిటికీ ఉండి ఎండ పడే గది, కొంచెం ఇరుకైనా, ఉత్తరపు పెద్ద గదికన్నా నయం. పొఖరా 800 మీటర్ల పైచిలుకు మాత్రమే, అక్కడ చలి ఓర్చుకోగలిగేదిగా ఉంటుంది.

పేటల విషయానికొస్తే, ఖాట్మండూలో టూరిస్టులు దిగే ఠమేల్ మొదటి రెండు రాత్రులకు బాగుంటుంది. డబ్బు మార్చడం, సిమ్ కొనడం, కిలో లెక్కన బట్టలు ఉతికించడం, అన్నీ నడిచే దూరంలోనే. నెల రోజులకు మాత్రం రాత్రి పాటల హోరు భరించడం కష్టం. బౌద్ధనాథ్ స్తూపం చుట్టుపక్కల మఠాల గెస్ట్‌హౌసులు శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటాయి, కానీ కొన్నిచోట్ల రాత్రి గేటు త్వరగా మూసేస్తారు. లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాళ్లకు ఖాట్మండూను ఆనుకుని ఉన్న పాటన్ వైపు, ముఖ్యంగా ఝమ్సిఖేల్ అనువుగా ఉంటుంది, అద్దె కాస్త ఎక్కువ. అన్నిటికన్నా ఎక్కువకాలం హాయిగా ఉండగలిగేది పొఖరాలోనే. అదీ సరస్సు ఒడ్డున టూరిస్టులుండే లేక్‌సైడ్ నడిబొడ్డున వద్దు, ఉత్తరాన ఖహరే, సేదీ వైపు వెళ్లేకొద్దీ అద్దెలు తగ్గి వంటగది ఉన్న గదులు దొరుకుతాయి. నెలవారీ రేటు మాట్లాడేటప్పుడు కరెంటు యూనిట్ లెక్కా, అద్దెలో కలిపా, గ్యాస్ బండ ఎవరిది, తాగే నీళ్ల జార్ ఎవరు తెస్తారు అన్నవి ముందే తేల్చుకోండి. వైఫై రాత్రి ఎనిమిదింటికి పరీక్షించండి. మధ్యాహ్నం అందరిదీ బాగానే ఉంటుంది. హోటళ్లలోనూ రెస్టారెంట్లలోనూ రేటు మీద 13 శాతం వ్యాట్ కలుస్తుందేమో అడిగి తెలుసుకోవాలి.

తాగడానికి 20 లీటర్ల జార్ నీళ్లు. సీలు చూసి తీసుకోవాలి, వీలుంటే కాచుకోవాలి. కొళాయి నీళ్లతో పళ్లు కూడా తోముకోకపోవడం మంచిది. భోజనానికి మనవాళ్లకు ఇబ్బంది లేదు. దాల్‌భాత్ అంటే అన్నం, పప్పు, కూర, ఆకుకూర, పచ్చడి. అన్నం, పప్పు అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. ఆవనూనె వాసన పడని వాళ్లు ముందే చెప్పాలి. చింతపండు, పప్పులపొడి వెంట ఉంటే నెల గడిచాక వాటి విలువ తెలుస్తుంది.

డబ్బు లెక్క తేలిక. మన 100 రూపాయలకు 160 నేపాలీ రూపాయలు. 1993 నుంచి ఈ రేటు మారలేదు. తరాయిలో, అంటే మన సరిహద్దు పక్క మైదానపు ఊళ్లలో, ధర చెప్పాక "ఐసీనా, నేపాలీనా?" అని అడగాలి. ఐసీ అంటే మన రూపాయలు. అడగకుండా ఒప్పుకుంటే ఒకటికి ఒకటిన్నర పైగా ఇచ్చుకున్నట్టే. పెద్ద భారతీయ నోట్ల మీద నిబంధనలు మారుతూ వచ్చాయి కాబట్టి 100 నోట్ల కట్ట ఉంచుకోవడమే క్షేమం. ఏటీఎంలో బయటి దేశపు కార్డుకు ప్రతిసారీ ఛార్జీ పడుతుంది, అందుకని కొంచెం కొంచెంగా తీయకుండా పరిమితి మేరకు ఒకేసారి తీసుకోవాలి. 2024 మార్చి నుంచి ఫోన్‌పే (Fonepay) క్యూఆర్ ఉన్న దుకాణాల్లో మన యూపీఐ పనిచేస్తోంది. ఇది నేపాల్ సంస్థ. మనం వాడే ఫోన్‌పే (PhonePe) యాప్‌కు దీనికి సంబంధం లేదు. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు విడిగా ఆన్ చేసుకోవాలి. కొన్ని యాప్‌లు దానికి గడువు పెడతాయి, అది ముగిశాక మళ్లీ ఆన్ చేయాలి. దుకాణదారుకే చెల్లుతుంది, ఇంటి ఓనరు సొంత ఖాతాకు అద్దె పంపడానికి పనికిరాదు.

నెలల తరబడి ఉండేవాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఇరకాటంలో పెట్టేది ఓటీపీ. సరిహద్దు దాటాక మన సిమ్ రోమింగ్ లేకుంటే మూగబోతుంది. బ్యాంకు సందేశం రాదు, ఆన్‌లైన్‌లో కార్డు పనిచేయదు. రోమింగ్ ఇండియాలో ఉండగానే ఆన్ చేయించాలి, రీఛార్జ్ గడువు తిరిగొచ్చేదాకా ఉండేలా చూసుకోవాలి. రెండు సిమ్‌ల ఫోన్‌లో ఒకటి మనది, రెండోది అక్కడిది. నగరాల్లో ఎన్‌సెల్ బాగుంటుంది, కొండల మీద నేపాల్ టెలికాం ఎక్కువ దూరం అందుతుంది. సిమ్ కోసం పాస్‌పోర్టు, ఫొటో అడుగుతారు. ఓటరు కార్డుతో దేశంలోకి వెళ్లవచ్చు గానీ ఇలాంటి పనులకు పాస్‌పోర్టుంటే సులువు. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు విమానాశ్రయంలో ఆధార్ చెల్లదు.

ఖాట్మండూ నుంచి పొఖరా 200 కిలోమీటర్లే. బస్సుకు ఏడెనిమిది గంటలు, రోడ్డు పనులుంటే ఇంకా ఎక్కువ. పొద్దున్నే బయల్దేరే టూరిస్టు బస్సులో ముందు సగంలో, కుడివైపు సీటు అడగండి. నదీ, మంచు కొండలూ అటే. వెనక చక్రం మీది సీట్లలో నడుము విరుగుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాత్రి బస్సు ఎక్కొద్దు. 2024 జూలై 12 తెల్లవారుజామున నారాయణ్‌ఘాట్-ముగ్లింగ్ దారిలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు రాత్రి బస్సులు త్రిశూలిలో కొట్టుకుపోయాయి. సునౌలీ సరిహద్దు మీదుగా ఖాట్మండూ వెళ్లే మనవాళ్ల బస్సులూ ఎక్కువగా ఆ దారినే పోతాయి. దశైన్ పండగకు, అంటే మన దసరాకు, ఊళ్లకు వెళ్లేవాళ్లతో సీట్లు నిండిపోతాయి. ఆ వారం ఉన్నచోటే ఉండటం ఉత్తమం.

టికెట్ మీద తేదీ విక్రమ శకంలో ఉంటుంది. 2026 ఏప్రిల్ మధ్యలో అక్కడ 2083 మొదలవుతుంది. "2082-07-15" అంటే జూలై అనుకోకండి, అది కార్తీక మాసం, మన లెక్కలో 2025 నవంబరు 1. కొనేటప్పుడే పక్కన మన తేదీ రాయించుకోవాలి. గడియారం మనకన్నా పావుగంట ముందు. శనివారం ఆఫీసులు మూత.

ముక్తినాథ్‌కు వెళ్లే తెలుగు వైష్ణవ యాత్రికులు ఎక్కువే, అది 108 దివ్యదేశాల్లో ఒకటి. పొఖరాలో పొద్దున విమానమెక్కి, జొమ్సొమ్‌లో దిగి, జీపులో మధ్యాహ్నానికి గుడి చేరే ప్యాకేజీ పెద్దవాళ్లకు మంచిది కాదు. కొన్ని గంటల్లో 800 మీటర్ల నుంచి 3,700 దాటుతారు. తలనొప్పి, వాంతులు, ఆయాసం పట్టుకుంటాయి. 2,700 మీటర్ల దగ్గరుండే మార్ఫాలోనో జొమ్సొమ్‌లోనో కనీసం ఒక రాత్రి ఆగాలి. తల తిరుగుతుంటే 108 ధారల చన్నీళ్ల కింద నిలబడటం మానుకోవాలి, ఆయాసం పెరిగితే తెల్లారేదాకా ఆగకుండా కిందికి దిగిపోవాలి. పగలు గాలి పెరగడంతో జొమ్సొమ్ విమానాలు ఉదయమే నడుస్తాయి. ఒకటి రద్దయితే మర్నాడే దిక్కు, తిరుగు రైలుకు రెండు రోజులైనా వెసులుబాటు ఉంచుకోండి. జీపులో వెళ్లినా అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి వెళ్లే పర్మిట్ కావాలి. సార్క్ దేశాలవాళ్లకు రుసుము తక్కువ, కౌంటర్‌లో ముందే భారతీయులమని చెప్పాలి.

విరేచనాలు పట్టుకుంటే ఏ మందుల షాపులోనైనా "జీవన్ జల్" అడగండి, అది అక్కడి ఓఆర్ఎస్. రక్తం పడినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. వీధికుక్క కరిస్తే సబ్బుతో ధారగా 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించుకోవాలి. ఖాట్మండూలో టేకు అనే పేటలోని శుక్రరాజ్ ఆసుపత్రిలో ఈ టీకా వేస్తారు. ఒక్క డోసుతో ఆపకూడదు. మధ్యలో తిరుగు ప్రయాణం పడితే మిగతావి మన ప్రభుత్వాసుపత్రిలో వేయించుకోవచ్చు. అందుకే టీకా కార్డు మీద కూడా వాళ్ల తేదీ పక్కన మన తేదీ, మందు పేరు రాయించుకుని బయల్దేరండి.