ఇల్లు అమ్మిన డబ్బు ఎవరి ఖాతాలో పడుతోందో చూసుకోండి

అమెరికాలో అద్దె ఇల్లు అమ్మి మరొకటి కొనబోతున్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. కొత్త ఇంటి కోసం వారాల తరబడి తిరుగుతాం. మధ్యలో మన డబ్బు పట్టుకునే సంస్థ గురించి మాత్రం ఎవరినీ అడగం. మేమూ అడగలేదు.

కాలిఫోర్నియాలో పన్నెండేళ్లు అద్దెకిచ్చిన ఇల్లు అమ్మాం. అమెరికా పన్ను చట్టంలోని 1031 సెక్షన్ కింద, అమ్మిన లాభం మీద పన్ను వాయిదా పడాలంటే సొమ్ము మన చేతికి రాకూడదు, మధ్యవర్తి సంస్థ దగ్గరే ఉండాలి. కొనబోయే ఇల్లేదో అమ్మిన నాటి నుంచి 45 రోజుల్లో రాసివ్వాలి, 180 రోజుల్లో కొనుగోలు ముగియాలి. మేము 31వ రోజునే రాసిచ్చాం. తీరా క్లోజింగ్ నాడు, అంటే డబ్బు కట్టి ఇల్లు చేతులు మారే రోజున, సంస్థ నుంచి డబ్బు రాలేదు. "రేపు పంపుతాం" అన్నారు. వారమంతా అదే మాట. సంస్థ చేతులు మారిందని అప్పుడు తెలిసింది, మాకు ఉత్తరం ముక్క కూడా రాలేదు. అమ్మేవారు విసిగి ఆ ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశారు. సొమ్ము 196వ రోజున చేతికొచ్చింది. ఇంకేముంది, లాభం మీద పన్ను, ఇల్లు పాతబడుతోందని ఇన్నేళ్లు పన్ను లెక్కల్లో చూపిన తరుగుదల మీద 25 శాతం దాకా పన్ను, అన్నీ ఒక్కసారే నెత్తిన పడ్డాయి.

ఆ రాత్రి ఒప్పందం తీసి చదివాను. ఖాతాదారుల సొమ్మంతా ఒకే ఖాతాలో కలిపి ఉంచవచ్చని తొమ్మిదో పేజీలో ఉంది. దాని కిందే మా ఆయన సంతకం, నా సంతకం.

మా డబ్బు ఆలస్యంగానైనా వచ్చింది. 2008 నవంబరులో ల్యాండ్అమెరికా అనే కంపెనీ వారి మధ్యవర్తి సంస్థ దివాలా తీసినప్పుడు ఎందరో ఖాతాదారుల సొమ్ము అందులో ఇరుక్కుపోయింది. ఇలాంటి సంస్థలనే కొని ఖాతాదారుల డబ్బు వాడుకున్న ఎడ్వర్డ్ ఓకన్‌కు 2009లో వందేళ్ల జైలు పడింది.

అమెరికా కేంద్ర ప్రభుత్వం ఈ మధ్యవర్తి సంస్థలకు లైసెన్సు ఇవ్వదు. నెవాడాలో లైసెన్సు తప్పనిసరి. కాలిఫోర్నియాలో లైసెన్సు లేదు గానీ 2009 నుంచి చట్టం ఉంది: 10 లక్షల డాలర్ల బాండు (సొమ్ము పోతే పూచీపడే హామీ పత్రం) గానీ, అంత డిపాజిట్ గానీ, ఖాతాదారు సంతకం కూడా ఉంటే తప్ప కదలని ఖాతా గానీ ఉండాలి. 10 లక్షలంటే అక్కడ చాలా చోట్ల ఒక్క ఇంటి ధర. అందుకే నేనైతే ఆ మూడోదే అడుగుతాను.

మీరు అమ్మే ఇంటి క్లోజింగ్ ఇంకా కాకపోతే, మీ పేరున విడి ఖాతా, రెండు సంతకాల షరతు రాయించుకున్నాకే ఎస్క్రోవారికి (అమ్మకం డబ్బు తీసుకుని పంపిణీ చేసేవారికి) ఆ మధ్యవర్తి సంస్థ ఖాతా నంబరు ఇవ్వండి. బాండు నకలు అడిగితే నొచ్చుకునేవాళ్లకు డబ్బు పంపకండి. తెలిసిన అకౌంటెంటే చూసుకుంటారని అనుకోకండి, గత రెండేళ్లలో మీకు ఆ పని చేసినవారు మధ్యవర్తిగా చెల్లరు.