మాంసం మోయగల డే ప్యాక్: తక్కువ ధరలో ఏది మేలు?

ఒక్కరోజు వేటకు వీపున తగిలించుకెళ్లే సంచి, అంటే డే ప్యాక్, కొనేటప్పుడు ఎక్కువమంది చూసేది లీటర్లు, అరల సంఖ్య, రైఫిల్ పెట్టుకునే చోటు. మాంసం మోతకు వీటితో పెద్దగా పనిలేదు. జంతువు పడిన క్షణానికి ఫ్రేమ్ (బరువు మోసే గట్టి చట్రం) మీ వీపు మీదే ఉండాలా, ట్రక్కులో ఉన్నా సరిపోతుందా అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలితే అమెరికా మార్కెట్లో 200 డాలర్ల అటూ ఇటూగా దొరికే ప్యాకుల్లో మీకు పనికొచ్చేవి రెండో మూడో మిగులుతాయి.

ముందు బరువు సంగతి. మధ్యస్థం సైజు వైట్‌టెయిల్ మగజింకకు ఎముక తీసిన మాంసం సుమారు 45 నుంచి 60 పౌండ్లు, అంటే 20–27 కిలోలు వస్తుంది. జింకను పోలిన ప్రాంగ్‌హార్న్‌కు 30–40 పౌండ్లు. మ్యూల్ డీర్ అనే మరో రకం జింక వైట్‌టెయిల్ కంటే కాస్త ఎక్కువే ఇస్తుంది. ఎల్క్ అనే భారీ జింక జాతిలో ఎదిగిన మగది అయితే 180–250 పౌండ్లు. దీని మీద నీళ్లు, కత్తి, చలి బట్టలు, బైనాక్యులర్లు కలిపి 12–15 పౌండ్ల సామాను, ప్యాక్ సొంత బరువు. అంటే ఒక జింకను ఒక్క విడతలో తేవాలంటే ప్యాక్ 70–80 పౌండ్లు భరించాలి. ‘మాంసం మోస్తుంది’ అని అట్ట మీద రాసుకున్న చవక డే ప్యాకుల్లో చాలావాటికి ఆ శక్తి లేదు.

ఫ్రేమ్ లేని డే ప్యాక్

ఇది 25–35 లీటర్ల మెత్తని సంచి. పొదలకు రాసుకున్నా చప్పుడు రాదు, తేలిక, చవక. 20–25 పౌండ్ల దాకా బాగానే ఉంటుంది. అది దాటితే వెనక భాగం మడతపడి ఉబ్బుతుంది, బరువంతా భుజాలమీదికి దిగుతుంది. దీనికుండే సన్నటి నడుము పట్టీ సంచి ఊగకుండా పట్టుకోవడానికే, బరువు ఎత్తడానికి కాదు. లోపల ప్లాస్టిక్ రేకు పెట్టి ‘ఫ్రేమ్ షీట్’ అని అమ్మేవి ఇంకో పది పౌండ్లు లాగుతాయేమో, అంతే. జింక వెన్ను కండలు, లోపలి మెత్తని కండలు కలిపి 8–12 పౌండ్లు. వాటిని మొదటి నడకలో తెచ్చుకోవడానికి ఈ సంచి చాలు.

ఫ్రేమ్, లోడ్ షెల్ఫ్ ఉన్న డే ప్యాక్

ఆల్ప్స్ అవుట్‌డోర్జ్ వాళ్ల హైబ్రిడ్ ఎక్స్, బ్యాడ్‌ల్యాండ్స్ 2200 ఈ కోవలోవి. రెండోది ధరలో కాస్త పైమెట్టు. వీటిలో ఫ్రేమ్‌కూ సంచికీ మధ్య మాంసం మూట పెట్టి పట్టీలతో బిగించుకోవచ్చు. దీనివల్ల రెండు లాభాలు. బరువు వీపుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి వెనక్కి లాగదు. రక్తం బట్టలకూ భోజనానికీ అంటదు. మాంసం లేనప్పుడు పట్టీలు బిగిస్తే రోజువారీ సంచిలాగే ఉంటుంది. కాకపోతే ఖాళీగానే ఐదారు పౌండ్లు తూగుతుంది, చెట్టు మీది స్టాండ్‌లో కూర్చునేవాళ్లకు అడ్డం.

ట్రక్కులో ఉంచే మోత ఫ్రేమ్

ఆల్ప్స్ కమాండర్ లాంటి అల్యూమినియం గొట్టాల ఫ్రేమ్. కింద బయటికి విప్పుకునే చిన్న పలక ఉంటుంది, మూట జారిపోకుండా దాని మీద నిలబడుతుంది. సంచి ఊడదీసి ఒట్టి ఫ్రేమ్‌కు ఎల్క్ తొడను ఎముకతో సహా కట్టేయొచ్చు. డాలరుకు ఇంత బరువు మోసేవి కొత్తవాటిలో అరుదు. లోపం చప్పుడు. పిన్నులు, గొట్టాలు కలిసేచోట నడిచినప్పుడల్లా కిర్రుమంటుంది, కొమ్మలకు కొట్టుకుంటుంది. అందుకే దీన్ని తగిలించుకుని వేటాడకూడదు, వేట అయ్యాక తెచ్చుకోవాలి.

సైన్యం పాత సామాన్ల దుకాణాల్లో దొరికే ఆలిస్ ఫ్రేమ్, అంటే అమెరికా సైనికుల వీపు సంచికి వాడిన చట్రం, ఇంకా చవక. 1970ల నాటి డిజైన్, గట్టి అల్యూమినియం. కానీ పొట్టిది. నడుము పట్టీ తుంటి మీద కాకుండా వీపు కింది భాగంలో ఆనుతుంది, లోడ్ లిఫ్టర్లు (బరువును భుజాల మీంచి ఎత్తే పై పట్టీలు) ఉండవు. 40 పౌండ్ల దాకా పర్వాలేదు, ఆ పైన భుజాలు మొరపెడతాయి. అరమైలు లోపు పనికైతే తీసుకోండి.

నాలుగోది, వాడేసిన 60–65 లీటర్ల ట్రెకింగ్ ప్యాక్. నడుము పట్టీ బ్రహ్మాండంగా ఉంటుంది, 50 పౌండ్లు హాయిగా మోస్తుంది. మాంసాన్ని మాత్రం సంచిలోపలే వేయాలి, కాబట్టి అది అడుగుకు జారుతుంది, సామానంతా రక్తమవుతుంది. సన్నని బట్టతో చేసిన తేలిక రకాలను ఈ పనికి పెట్టొద్దు.

దూరం, జంతువు: అసలు లెక్క ఇక్కడ

ట్రక్కు నుంచి రెండు మైళ్ల దూరంలో జింక పడిందనుకోండి. షెల్ఫ్ ఉన్న ప్యాక్ వీపు మీదే ఉంటే వెళ్లిరావడం నాలుగు మైళ్లు, మాంసమంతా ఆ ఒక్క నడకలోనే వస్తుంది. ఫ్రేమ్ ట్రక్కులో ఉంటే ఒకసారి కొద్దిపాటి మాంసంతో తిరిగొచ్చి, ఫ్రేమ్ తీసుకుని మళ్లీ వెళ్లాలి: మొత్తం ఎనిమిది మైళ్లు. నడక రెట్టింపైంది.

అదే ఎల్క్ అయితే లెక్క మారిపోతుంది. 200 పౌండ్ల మాంసం. షెల్ఫ్ ప్యాకుతో విడతకు 50 చొప్పున నాలుగు విడతలు, పదహారు మైళ్లు. ఫ్రేమ్ ట్రక్కులో ఉంటే మొదటిసారి మెత్తని సంచిలో 20, తర్వాత ఫ్రేమ్ మీద 60 చొప్పున మూడు విడతలు. అవీ నాలుగే, పదహారు మైళ్లే. ఎల్క్ వేటకు వెళ్తున్నాం కాబట్టి వీపు మీది ప్యాకే పెద్దదిగా కొనాలనుకోవడం పొరపాటు. ఎటూ చాలాసార్లు తిరగక తప్పని చోట మొదటి విడత తక్కువ మోతతో వచ్చినా పెద్ద నష్టం లేదు. షెల్ఫ్ ప్యాక్ నిజంగా డబ్బు తిరిగిచ్చేది ఒంటరిగా, మైలు దాటి వెళ్లి, ఒక్క మోతలో తేగల జంతువును వేటాడేవాళ్లకు.

కాబట్టి జింకల వేట, దూరం మైలు దాటితే: హైబ్రిడ్ ఎక్స్ తరహా. మైలు లోపు జింకైనా, ఎంత దూరమైనా ఎల్కైనా: ఇప్పటికే ఉన్న మెత్తని సంచి, ట్రక్కులో కమాండర్ తరహా ఫ్రేమ్. స్టాండ్ దగ్గరికే బండి లేదా స్లెడ్ (ఈడ్చుకెళ్లే బల్ల) వచ్చే పొలాల్లో వేటాడేవాళ్లు మోత ప్యాక్ మీద డబ్బు పెట్టనక్కర్లేదు. 500 డాలర్లు దాటే ఖరీదైన ఫ్రేములు మెరుగైనవే, సందేహం లేదు. కానీ ఏడాదికి ఒక జింక కోసం అంత పెట్టడం కంటే ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోవడం తెలివైన పని.

కొనేముందు చూడాల్సినవి

మెడ వంచితే పొడుచుకొచ్చే వెన్నుపూస నుంచి తుంటి ఎముకల పై అంచుల ఎత్తు దాకా టేపుతో కొలవండి. అదే మీ వీపు పొడవు, మీ ఎత్తు కాదు. ఫ్రేమ్ పై అంచు భుజాలకంటే రెండు మూడు అంగుళాలైనా పైకి ఉండాలి. అలా ఉంటేనే లోడ్ లిఫ్టర్ పట్టీ ఏటవాలుగా పైకెళ్లి బరువును భుజం మీంచి ఎత్తగలదు. భుజం ఎత్తులోనే ఆగిపోయిన ఫ్రేమ్‌కు కుట్టిన లిఫ్టర్లు అలంకారమే. చవక ప్యాకుల్లో ఈ మోసం చాలా ఎక్కువ.

నడుము పట్టీని రెండు వేళ్ల మధ్య నొక్కండి. నురుగు వెంటనే అణిగిపోతే 50 పౌండ్ల కింద అది తాడులా కోసుకుపోతుంది. పట్టీ ఫ్రేమ్‌కు కలిసేచోట అడ్డదిడ్డంగా దట్టమైన కుట్టు ఉండాలి, తెగేది ఎక్కువగా అక్కడే. పక్క పట్టీలు బిగించి, బకిల్ దగ్గర గట్టిగా గుంజి చూడండి. జారితే మూట దారిలో కుంగుతుంది.

తిరిగిచ్చే గడువు లోపలే ఇంట్లో పరీక్ష పెట్టండి. వాటర్ సాఫ్ట్‌నర్‌లో వేసే 40 పౌండ్ల ఉప్పు సంచిని తువ్వాలులో చుట్టి షెల్ఫ్‌లో కట్టి, పైన పది పౌండ్ల సామాను వేసి అరగంట మెట్లెక్కి దిగండి. ప్యాక్ తగిలించుకునే వరస ఇది: ముందు పట్టీలన్నీ వదులు చేసి, నడుము పట్టీ మధ్యభాగం తుంటి ఎముకల మీదికి వచ్చేలా బిగించి, తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత లిఫ్టర్లు, చివర ఛాతీ పట్టీ. భుజం పట్టీ కింద వేలు సులువుగా దూరాలి. పది నిమిషాలకే నడుము పట్టీ కిందికి జారిపోతుంటే ఆ ప్యాక్ మీ ఒంటికి సరిపడదు, వెనక్కి పంపేయండి.

కట్టడంలో తప్పులు

ఎముక తీసిన మాంసం గేమ్ బ్యాగులో (మాంసం వేసే బట్ట సంచిలో) ముద్దగా అడుగుకు చేరుతుంది. బ్యాగు పైన మిగిలిన గుడ్డను మెలేసి, మాంసానికి ఆనుకునేలా ముడి వేయండి. మూట గట్టిగా, పొడవుగా రావాలి. దాన్ని భుజపుటెముకల మధ్య ఎత్తుకు చేర్చి, కింది పట్టీని ముందు, పై పట్టీని తర్వాత బిగించండి. ఎముకతో ఉన్న కాలు బరువెక్కువైనా బిర్రుగా నిలుస్తుంది, ఫ్రేమ్‌కు కట్టడం సులువు.

వేడి మాంసాన్ని ప్లాస్టిక్ సంచిలో మూసిపెట్టొద్దు. వేడి బయటికి పోక తొడల్లో ఎముక పక్కన ముందు కుళ్లుతుంది. గాలి ఆడే బట్ట బ్యాగుల్లో వేసి నీడలో వేలాడదీసి, చల్లారాకే ప్యాక్‌లోకి ఎక్కించాలి.

చట్టం కూడా ప్యాక్ ఎంపికలోకి వస్తుంది. అలాస్కాలో కొన్ని యూనిట్లలో (వేట ప్రాంతాల్లో) కొంతకాలం మాంసాన్ని ఎముకతోనే తేవాలి, కొమ్ములు చివరి మోతకు ముందు కదలకూడదు. అక్కడ వేటాడేవాళ్లు షెల్ఫ్ డే ప్యాక్ కంటే మోత ఫ్రేమ్‌నే చూసుకోవాలి. చాలా రాష్ట్రాల్లో మగదో ఆడదో తెలిపే ఆధారం మాంసానికి అంటుకునే ఉండాలి కాబట్టి, ఎముక తీసేముందు ఆ ఏడాది నిబంధనల పుస్తకం చదవండి. కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో నడుముపైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు తప్పనిసరి. ప్యాక్ తగిలించగానే వెనకవైపు చొక్కా కనబడదు, కాబట్టి ప్యాక్ మీద నారింజ కవరు వేయండి, కొమ్ములకు అదే రంగు రిబ్బను చుట్టండి.

రక్తం పడిన షెల్ఫ్‌ను చన్నీళ్లతోనే కడగాలి. వేణ్ణీళ్లు పోస్తే మరక బట్టలో ఉండిపోతుంది. సంచి ఊడదీసి, పట్టీలు పూర్తిగా వదులు చేసి, నురుగు లోపలిదాకా ఆరేలా రెండు రోజులు నీడలో వేలాడదీయండి. తడి నురుగుతో మూలన పడేస్తే వచ్చే సీజన్‌కు వాసన పోదు, జింకలకు అది మీకంటే ముందే తెలుస్తుంది.