మంచు కోసం మోడళ్లు చూసేవారి యాప్: ఒక చలికాలం వాడిన తరువాత

రేపు మంచు పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఏ సాధారణ వాతావరణ యాప్ అయినా సరిపోతుంది. పది రోజుల తరువాత పడవచ్చునేమో అన్న ఆశను రోజుకు నాలుగుసార్లు తూకం వేసుకునే మాలాంటివారికి మాత్రం అది చాలదు. ఆ జవాబు ఏ ముడిసరుకు నుంచి పుట్టిందో దాన్నే, అంటే వాతావరణాన్ని కంప్యూటర్లతో ముందుగా లెక్కకట్టే మోడళ్ల పటాలనే, చూడాలని మాకు ఉంటుంది. అటువంటివారి కోసం తయారైన ఒక చందా యాప్‌ను గడచిన చలికాలమంతా వాడాను. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా సేవను కొనబోయేవారు ఏం చూసుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా డబ్బు దేనికి కడుతున్నామో తెలిసి ఉండాలి. అమెరికా ప్రభుత్వం నడిపే జీఎఫ్ఎస్ మోడల్ సమాచారం ఎప్పటినుంచో ఉచితమే. యూరోపియన్ మోడల్‌ను నడిపే వాతావరణ అంచనాల కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్ కూడా 2025 అక్టోబరు నుంచి తన తాజా అంచనాల సమాచారాన్ని ఎవరైనా వాడుకునేలా తెరిచింది. కాబట్టి ఇటువంటి యాప్ మనకు అమ్మేది అంచనాను కాదు, ఆ అంకెలను పటాలుగా గీసి ఎంత త్వరగా, ఎంత నిజాయితీగా చేతికి అందిస్తుందన్న పనితనాన్ని. వేగం విషయంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను. నిజాయితీ దగ్గరే పేచీ.

జీఎఫ్ఎస్ అంతర్జాతీయ ప్రామాణిక సమయం (యూటీసీ) ప్రకారం 00, 06, 12, 18 గంటల సమాచారంతో రోజుకు నాలుగుసార్లు నడిచి, 384 గంటల దాకా, అంటే 16 రోజుల ముందు వరకు లెక్క కడుతుంది. ఆ వేళ దాటిన సుమారు మూడున్నర గంటలకు తొలి పటాలు బయటపడతాయి. ఈ యాప్‌లో అవి దాదాపు వెంటనే, ఒకదాని వెనుక ఒకటిగా వచ్చి చేరుతుంటాయి. కింద ఉండే గంటల పట్టీపై బొటనవేలు ఉంచి 90, 93, 96 అంటూ జరుపుతుంటే, అల్పపీడనం తీరం వెంబడి మెల్లగా పైకి పాకుతుంది. 99వ గంట గడి మాత్రం ఇంకా బూడిదరంగులోనే ఉంటుంది. ఆ గడి నీలంగా మారే వరకు తెల్లవారుజామున కళ్లు కాయలు కాసేలా కూర్చోవడం ఏమి సరదా అని అడిగేవారికి చెప్పగలిగిన సమాధానం నా దగ్గర లేదు. వేలు ఎంత వేగంగా జరిపినా పటం తడబడదు. మోడల్ ఒకసారి నడిచి ఇచ్చే లెక్కను రన్ అంటారు; పాత రన్‌నూ కొత్త రన్‌నూ ఒకే గంట దగ్గర మార్చి మార్చి పోల్చుకునే మీట కూడా ఉంది. నేను అత్యధికంగా వాడినది అదే.

ఇక మంచు మందం పటం. యాప్ తెరవగానే కనిపించేది ఇదే, చందా కట్టించేది ఇదే, నమ్మదగనిది కూడా ఇదే. మోడల్ లెక్కించిన నీటిని ఒకటికి పది చొప్పున మంచుగా మార్చి ఈ పటం గీస్తారు. పది మిల్లీమీటర్ల నీరు పది సెంటీమీటర్ల మంచు అవుతుందన్న మాట. గాలి బాగా చల్లగా, పొడిగా ఉన్నప్పుడు మంచు ఇంతకంటే ఎక్కువ మందంగా, దూదిలా పేరుకుంటుంది. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు పడే తడి మంచు అందులో సగం మందమైనా ఉండకపోవచ్చు. నేల నుంచి పైకి ఉన్న గాలి పొరల్లోని అత్యధిక ఉష్ణోగ్రతను బట్టి ఈ నిష్పత్తిని మార్చే కూచెరా పద్ధతి పటం కూడా ఇందులో ఉంది కాని, దాన్ని మూడు మెనూల లోపల దాచారు. నేల మీద నిజంగా ఎంత మిగులుతుందో చూపే మంచు లోతు మార్పు పటం ఇంకా లోపల ఉంది. భారీ మంచును సూచించే ఊదారంగు ఎంత ఎక్కువగా కనబడితే చూసేవారు అంత ఎక్కువసేపు ఉంటారన్న లెక్క ఇక్కడ పనిచేసినట్టుంది. అందులోనూ 300 గంటలు దాటిన తరువాతి ఊదారంగు అరచేతిలో వైకుంఠమే.

ఒక రాత్రి జరిగినది చెబితే ఈ పటం లోపం తేటతెల్లమవుతుంది. మర్నాటికి నేనున్న చోట 18 సెంటీమీటర్లు పడుతుందని అది చూపింది. గాలి పీడనం 850 హెక్టోపాస్కల్ ఉండే చోట, అంటే సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులో, మైనస్ 2 డిగ్రీలు. నేల దగ్గర మైనస్ 1. వానకూ మంచుకూ సరిహద్దుగా పాతకాలం నుంచి చూసే రేఖ, అంటే 1000, 500 హెక్టోపాస్కల్‌ల మధ్య గాలి పొర మందం 5,400 మీటర్లు ఉండే రేఖ కూడా అనుకూలంగానే ఉంది. ఆశ కొద్దీ నేను అక్కడే ఆగిపోయేవాడినే, కాని పటం మీద వేలు అదిమి పెడితే ఆ చోటి గాలి పొరలన్నీ నిలువుగా చూపే స్క్యూ-టీ చార్ట్ తెరుచుకుంటుంది. అందులో ఉష్ణోగ్రతను చూపే ఎర్ర గీత కిందినుంచి పైకి సున్నా రేఖకు ఎడమవైపునే, అంటే చలివైపునే ఎక్కి, ఇంకాస్త పైన 780 హెక్టోపాస్కల్ దగ్గర మాత్రం ముక్కు పొడుచుకు వచ్చినట్టు కుడివైపుకు ఒకటిన్నర డిగ్రీ దాటి, మళ్లీ వెనక్కి తగ్గింది. 850 పటమూ నేల పటమూ రెండూ ఈ పొరను దాటవేశాయి. పైనుంచి దిగే రేకులు ఆ వెచ్చని పొరలో కరిగి, కింది చలిలో మళ్లీ గడ్డకట్టి గుళికలుగా పడతాయి. అదే జరిగింది. నేను పెరట్లో పెట్టిన తెల్ల చెక్క పలక మీద టపటపమని చప్పుడు చేస్తూ పడిన గుళికలు మొత్తం నాలుగు సెంటీమీటర్లు తేలాయి. యాప్ ఆ గుళికల నీటిని కూడా పదితో గుణించి మంచు ఖాతాలో వేసుకుంది. తప్పు మోడల్‌ది కాదు, వెచ్చని పొరను అది సరిగానే చూసింది. గీసినవారు దాన్ని వదిలేశారు.

స్క్యూ-టీ తరువాత ఈ యాప్‌లో నేను మెచ్చినది ఎన్సెంబుల్ విభాగం. ఆరంభ పరిస్థితులను కొద్దికొద్దిగా మార్చి ఒకే మోడల్‌ను అనేకసార్లు నడిపితే వచ్చే ఫలితాలివి. ఇలాంటి ఒక్కో ఫలితాన్ని మెంబర్ అంటారు: యూరోపియన్ మోడల్‌కు 51 మెంబర్లు, జీఎఫ్ఎస్‌కు 31. వాటన్నింటినీ చిన్న చిన్న తపాలా బిళ్లల్లా ఒకే తెర మీద పేర్చి చూపుతారు. ప్రధాన రన్ ఘనంగా మంచు చూపిన రోజున ఈ 51 బిళ్లల్లో తొమ్మిదింటిలోనే రంగు కనబడితే, ఎంత ఆశ పెట్టుకోవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఏ మోడల్ గొప్పదన్న వాదనలకు కూడా ఇక్కడే విరుగుడు ఉంది. 2015 జనవరి 26, 27 తేదీల తుఫానుకు ముందు న్యూయార్క్ నగరంలో రెండు అడుగుల మంచు పడవచ్చని అంచనాలు వెలువడ్డాయి, యూరోపియన్ మోడల్ కూడా భారీగానే చూపింది. సెంట్రల్ పార్కులో నమోదైనది 9.8 అంగుళాలు. తుఫాను అనుకున్నదానికంటే తూర్పుగా సాగింది, అంతకు రెండు వారాల ముందు మెరుగుపరచిన జీఎఫ్ఎస్ ఆ నగరం విషయంలో నిజానికి దగ్గరగా నిలిచింది. మామూలుగా గెలిచేది యూరోపియన్ మోడలే అని నేనూ అంటాను, కాని సగటు ఒకటి, మన తుఫాను ఒకటి.

సరిదిద్దవలసిన లోపం మరొకటి ఉంది. యూరోపియన్ మోడల్ 06, 18 గంటల రన్‌లు 144 గంటల దగ్గరే ఆగిపోతాయి. ఈ యాప్‌లో పట్టీ మాత్రం ఆగదు. 150వ గంట నుంచి అంతకుముందటి రన్ పటాలను, ఎక్కడా ఆ మాట చెప్పకుండా, అతికించి చూపుతుంది. అల్పపీడనం ఆరు గంటల్లో ఒక్క గెంతు గెంతి సముద్రం మధ్యకు పోవడం చూసి, అదేదో కొత్త పరిణామమని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. సహాయ విభాగానికి రాస్తే, అది వాడుకరుల సౌకర్యం కోసం చేసినదని జవాబు వచ్చింది. నోటిఫికేషన్ల సంగతి చెప్పనే అక్కరలేదు: ఒకే ఒక్క రన్‌లో 240వ గంట దగ్గర కనిపించిన మంచుకు కూడా ఫోను మోగుతుంది, తరువాతి రన్‌లో అది మాయమైతే మాత్రం మోగదు.

ఈసీఎండబ్ల్యూఎఫ్ 2025 ఫిబ్రవరిలో అమలులోకి తెచ్చిన కృత్రిమ మేధ మోడల్ ఏఐఎఫ్ఎస్ కూడా ఇందులో ఉంది. పెద్ద అల్పపీడనాల దారిని పోల్చుకోవడానికి దాన్ని తరచుగా తెరిచాను. అది భూమిని విభజించి లెక్కకట్టే గడుల వెడల్పు సుమారు 28 కిలోమీటర్లు కాబట్టి కొండ మీద మంచు, లోయలో వాన పడే చోట్ల ఉన్నవారికి దాని మంచు మందం పటంతో పని ఉండదు. ధ్రువం మీద చాలా ఎత్తున తిరిగే చల్లగాలుల సుడిని, అంటే ధ్రువ సుడిగుండాన్ని, చూపే 10 హెక్టోపాస్కల్ పటం అందంగా ఉంది, అంతకుమించి వారం వారం దానితో చేయగలిగింది తక్కువ.

చందాను మరో చలికాలానికి పొడిగించాను. నోటిఫికేషన్లు ఆపివేసి, తెరవగానే ఎన్సెంబుల్ బిళ్లలు కనిపించేలా అమర్చుకున్నాను. మంచు మందం పటాన్ని వరుసలో చివరికి జరిపాను. దాన్ని పూర్తిగా తీసివేసే వీలు ఆ యాప్‌లో లేదు, ఉన్నా తీసివేసేవాడినో లేదో.