కెనడా స్టడీ పర్మిట్ పొడిగింపు: ఆన్‌లైన్ సేవ ఎలా ఉందంటే

కెనడా ఇమిగ్రేషన్ శాఖ (ఐఆర్‌సీసీ) వెబ్‌సైటులో స్టడీ పర్మిట్, అంటే అక్కడ చదువుకునే అనుమతి, పొడిగించుకోవడానికి ఏజెంటు అక్కర్లేదు, ఫీజు 150 కెనడా డాలర్లు. పర్మిట్ గడువుకు కనీసం 30 రోజుల ముందే దరఖాస్తు పెట్టేయండి. గడువు దాటకముందే పెట్టి కెనడాలోనే ఉంటే, నిర్ణయం వచ్చేదాకా పాత షరతులతోనే చదువు సాగుతుంది. ఈ ఏర్పాటు నిజంగా మెచ్చుకోదగ్గది.

పొడిగింపు కోసం నింపాల్సిన ఐఎంఎం 5709 ఫారం మాత్రం విసిగిస్తుంది. బ్రౌజర్‌లో తెరిస్తే ‘ప్లీజ్ వెయిట్’ అని ఊరుకుంటుంది. కంప్యూటర్‌లోకి దించుకుని అడోబీ రీడర్‌లో తెరవాలి. అన్నీ నింపి ‘వ్యాలిడేట్’ నొక్కితే బార్‌కోడ్ పేజీ వస్తుంది. అది రాకపోతే ఏదో గడి ఖాళీగా ఉన్నట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది పాస్‌పోర్టు దగ్గర. కోర్సు రెండేళ్లున్నా, పాస్‌పోర్టు ఎనిమిది నెలల్లో అయిపోతుంటే పర్మిట్ కూడా ఆ తేదీకే ఆగిపోతుంది. మళ్లీ ఫీజు, మళ్లీ ఎదురుచూపు. అందుకే ముందు పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకోండి.

ఎన్‌రోల్‌మెంట్ లెటర్ (చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే పత్రం), ట్రాన్‌స్క్రిప్టు (మార్కుల జాబితా), బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధంగా ఉంచుకోండి. నాన్నగారి పట్టాదారు పాసుపుస్తకం లాంటి తెలుగు కాగితాలు జతచేస్తే ఇంగ్లీషు లేదా ఫ్రెంచి అనువాదం తప్పనిసరి.

కొత్త పర్మిట్ చేతికొచ్చిందని సంక్రాంతికి టికెట్ కొనేయకండి. తిరిగి కెనడాలో అడుగుపెట్టాలంటే పాస్‌పోర్టులో వీసా కూడా చెల్లుబాటులో ఉండాలి. దానికి విడిగా దరఖాస్తు చేయాలి.