పర్సనల్ కార్డా, బిజినెస్ కార్డా?

వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేయించి అమ్మే కంపెనీ అయినా, హన్మకొండలో నలుగురితో నడిచే ఆఫీసైనా మొదట గీకేది ఓనరు సొంత కార్డునే. తేలిగ్గా వస్తుంది మరి. ఇబ్బందల్లా లిమిట్ దగ్గరే. 2 లక్షల లిమిట్‌లో నూలుకూ రంగులకే 1.6 లక్షలు పోతే వాడకం 80 శాతం. సిబిల్ స్కోరు తగ్గుతుంది, రేపు ఇంటి లోనుకు అదే అడ్డం. ఏడాదిలో కట్టిన కార్డు బిల్లులు 10 లక్షలకు చేరితే బ్యాంకు ఆ లెక్కను మీ పాన్ మీద ఐటీ శాఖకు పంపుతుంది.

బిజినెస్ కార్డుకైతే బ్యాంకు జీఎస్టీ రిటర్నులు, ఐటీఆర్ అడుగుతుంది. స్టేట్‌మెంట్ నేరుగా అకౌంటెంటుకు ఇచ్చేయొచ్చు. బ్యాంకు ఓనరు గ్యారంటీ రాయించుకుంటే మాత్రం బాకీ మీ మెడకే.

ఎక్కువమంది పొరబడేది జీఎస్టీలో. ఏ కార్డుతో కట్టారన్నది కాదు, ఇన్‌వాయిస్ మీద కంపెనీ జీఎస్టీ నంబరు ఉందా అన్నదే ముఖ్యం. 50,000 ల్యాప్‌టాప్‌కు పన్ను 9,000. నంబరు రాయించకపోతే, కంపెనీ కట్టాల్సిన జీఎస్టీలో ఆ 9,000 తగ్గించుకునే క్రెడిట్ పోయినట్టే.

బిల్లులో కనీస మొత్తం (మినిమమ్ డ్యూ) మాత్రమే కట్టి వదిలేస్తే ఏ కార్డైనా ఒకటే: కొత్త కొనుగోళ్లకూ మొదటి రోజు నుంచే వడ్డీ.

ప్రైవేట్ లిమిటెడ్ అయితే మా ఓటు బిజినెస్ కార్డుకే. సొంత కార్డు తప్పకపోతే వ్యాపారానికి విడిగా ఒకటి పెట్టుకోండి, అందులో ఇంటి కిరాణా కలపకండి.