ఎల్కేజీకి ముందు ఏడాది: ప్లే స్కూలా, అంగన్‌వాడీయా, ఇల్లా?

మూడేళ్ళు నిండిన పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న తప్పదు. ఎల్కేజీకి ఇంకా ఏడాది టైముంది. అప్పటిదాకా ప్లే స్కూల్లో వేయాలా, వీధి చివరి అంగన్‌వాడీకి పంపాలా, ఇంట్లోనే ఉంచాలా? విశాఖ మర్రిపాలెంలో మా వీధి తల్లులు కూరగాయల బండి దగ్గర కలిసినా ఇదే మాట.

మా కుటుంబంలో ఈ మూడూ జరిగాయి. మా పెద్దమ్మాయి ఏడాదంతా ప్లే స్కూల్‌కి వెళ్ళింది. చిన్నోడు అంగన్‌వాడీకి వెళ్ళాడు. గాజువాకలో ఉండే మా ఆడపడుచు కూతురు నానమ్మ దగ్గరే పెరిగి, నేరుగా ఎల్కేజీలో చేరింది. ముగ్గురినీ దగ్గరగా చూశాను కాబట్టే రాస్తున్నాను.

ముందు మా అమ్మాయి సంగతి. ఎల్కేజీలో చేరేనాటికి ఏ నుంచి జెడ్ దాకా గడగడా చెప్పేది. రంగుల పేర్లు, రైమ్స్ అన్నీ వచ్చు. మాకు టెన్షనే లేదు. మొదటి వారంలో టిఫిన్ బాక్సు మూత తీసి చూస్తే రెండు ఇడ్లీలూ చెమట పట్టి, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మర్నాడూ అంతే. ఎందుకు తినలేదమ్మా అంటే "రాలేదు" అంది. ఏం రాలేదో నాకు అర్థం కాలేదు. మూడో రోజు బాక్సు చేతికిచ్చి ఎదురుగా కూర్చున్నాను. అది నాలుగు వైపులా క్లిప్పులున్న బాక్సు. క్లిప్పు కింద బొటనవేలు దూర్చి పైకి లేపాలి. మా పాప నాలుగు వేళ్ళతో పైనుంచి నొక్కుతోంది. ఎంత నొక్కితే అంత గట్టిగా బిగుసుకుంటోంది. ప్లే స్కూల్లో ఆయా తీసి పెట్టేది, ఇంట్లో నేను తీసేదాన్ని. ఇరవై ఆరు అక్షరాలు నేర్పాం గానీ మూత తీయడం ఎవరం నేర్పలేదు.

అలాగని ప్లే స్కూల్ దండగ అనను. అమ్మ వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది అన్న నమ్మకం పాపకు అక్కడే కుదిరింది. అక్కడ రెండు వారాలు ఏడ్చింది, ఎల్కేజీలో ఒక్కరోజు కూడా ఏడవలేదు. నేవీ వాళ్ళ పిల్లలతో ఆడి కాస్త హిందీ కూడా పట్టుకుంది. నాకు నచ్చనిది హోంవర్క్. మూడేళ్ళ పిల్లకి పెన్సిల్ ఇచ్చి పేజీల కొద్దీ గీతలు, అక్షరాలు రాయించేవారు. మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. నాలుగేళ్ళ వయసులో వాటిలో దాదాపు సగం ఇంకా గట్టిపడని మృదులాస్థే. ఆ చేతికి కావాల్సింది పిండి పిసకడం, చిక్కుడుకాయలు ఒలవడం, తడి ఇసుకలో వేలితో గీయడం. ఇసుకకి మనకు కొదవ లేదు. సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే చాలు, నీళ్ళకి మాత్రం బాగా దూరంగా కూర్చోబెట్టండి, అక్కడి అలల్ని నమ్మలేం. ప్లే స్కూల్ చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడల మీద బొమ్మలు కాదు, బాత్రూమ్ ఎక్కడుందో, పిల్లని ఎవరు తీసుకెళ్తారో చూడండి. ఎంతమంది పిల్లలకి ఒక ఆయా అని అడగండి.

ఇక అంగన్‌వాడీ. "అంగన్‌వాడీకా పంపుతున్నారు?" అని అడిగినవాళ్ళున్నారు. ఆ మాటకి నేనూ నెల రోజులు వెనకాడాను, ఆ నెల పోయినందుకు ఇప్పటికీ బాధే. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం కింద నడిచే ఈ కేంద్రాల్లో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి ఆటపాటలతో చదువు, వేడి అన్నం, గుడ్డు, పాలు ఉంటాయి. ఫీజు లేదు. మా వాడు ఇంట్లో గుడ్డు ముట్టేవాడు కాదు. అక్కడ పిల్లలంతా వరసగా కూర్చుని తింటుంటే తనూ తిన్నాడు, అదీ తన చేత్తో. టీచరమ్మ మా వీధిలో అందరికీ తెలిసిన మనిషి. "ఏటి బాబూ, చెయ్యి కడిగావా?" అని మా ఉత్తరాంధ్ర యాసలో అడిగితే వాడికి ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

లోటుపాట్లూ ఉన్నాయి. గది చిన్నది. బరువులు తూచడం, రిజిస్టర్లు, ఫోన్లో వివరాలు ఎక్కించడం అన్నీ ఆ ఒక్క టీచరు మీదే, పాఠం చెప్పే టైము అందులో మిగిలితేనే. 2023 డిసెంబరులో జీతాల కోసం రాష్ట్రమంతా వాళ్ళు సమ్మెకి దిగితే సంక్రాంతి దాటిందాకా మావాడికి బడి లేదు. ఆ జీతాలు చూస్తే వాళ్ళని తప్పు పట్టలేం. అన్ని కేంద్రాలూ ఒకేలా ఉండవు కాబట్టి ఒక పూట వెళ్ళి కూర్చుని చూడటం మంచిది.

ఇంట్లో పెరిగిన మా ఆడపడుచు కూతురికి వచ్చినన్ని మాటలు, కథలు మా పిల్లలిద్దరికీ రాలేదు. నానమ్మతో రోజంతా కబుర్లే. కానీ స్కూల్లో నెలంతా ఏడ్చింది. నానమ్మని వదిలి ఒక్క గంట ఉన్నది లేదు. పాప నోరు తెరవకముందే దాహం వేసిందని పెద్దావిడకి తెలిసిపోయేది, అందుకే అడగడం అలవాటు కాలేదు. క్లాసులో బాత్రూమ్‌కి అడగలేక బట్టలు తడుపుకుంది. ఇంట్లో ఉంచేవాళ్ళు ముందునుంచే పిల్లని పక్కింట్లో ఒక గంట, తర్వాత రెండు గంటలు వదిలి చూడాలి. నలుగురు పిల్లలతో పార్కులో ఆడనివ్వాలి.

ఏది మేలంటే, నడిచి వెళ్ళే దూరంలో మంచి అంగన్‌వాడీ ఉంటే నేను దానికే ఓటేస్తాను. పొద్దున్న అక్కడ, మధ్యాహ్నం నుంచి ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్ళే ఇంట్లో, చూసుకునే పెద్దలు లేనప్పుడు ప్లే స్కూలే దారి, కాకపోతే రాయించని ప్లే స్కూల్ వెతకండి. దాని ఫీజు కోసం అప్పు మాత్రం చేయకండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే దశ అంది, ఒకటో తరగతికి ఆరేళ్ళు అంది. మూడేళ్ళకే రాయడం రావాలన్న తొందర ఎవరికీ లేదు, మనకి తప్ప.

ఎక్కడికి పంపినా మే నెల మాత్రం ఇంటిదే. బొత్తాల నిక్కరు బదులు ఎలాస్టిక్‌ది కొనండి. "మేడమ్, వాష్‌రూమ్" అనే రెండు మాటలు గట్టిగా అనడం నేర్పండి. స్కూల్‌కి కొనే బాక్సు, సీసా ముందే కొనేయండి. మావాడు ఆ నెలంతా జంతికలు స్కూల్ బాక్సులోంచే తిన్నాడు. ఆకలేసినప్పుడల్లా వాడే క్లిప్పు లేపుకునేవాడు, వాళ్ళక్క పక్కనే కూర్చుని బొటనవేలు ఎక్కడ పెట్టాలో చూపించేది.