ఒంటరిగా పనిచేసేవారికి లొకేషన్ ట్రాకింగ్: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

పంపుహౌస్‌లు, సబ్‌స్టేషన్లు, జనావాసాలకు దూరంగా ఉండే టవర్ల వద్దకు ఒక్కరే వెళ్లి మరమ్మతులు చేసి వచ్చే సిబ్బంది భద్రతను చూసుకోవడం నా ఉద్యోగం. వారి కోసం కొన్నేళ్లుగా స్మార్ట్‌ఫోన్ యాప్‌ను, నడుముకు తగిలించుకునే ప్రత్యేక పరికరాన్ని, మొబైల్ సిగ్నల్ అందని చోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాన్ని వాడుతున్నాము. ఇలాంటివి కొనదలచినవారు ముందుగా అడిగేది ఎన్ని మీటర్ల కచ్చితత్వం ఉంటుందనే. నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: మనిషి నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఆ సంగతి కంట్రోల్ రూమ్‌కు ఎంతసేపటికి తెలుస్తుంది?

ఎస్‌ఓఎస్ బటన్ నొక్కాలంటే స్పృహ ఉండాలి, చెయ్యి ఆడాలి, సిగ్నల్ ఉండాలి. కరెంటు షాక్ తగిలినవారికీ, విషవాయువు పీల్చి కుప్పకూలినవారికీ ఈ మూడూ ఉంటాయని అనుకోలేము. అందుకే నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది చెక్-ఇన్ టైమర్‌ను. పని మొదలుపెట్టేటప్పుడు గడువు పెట్టుకుంటారు. ఆ గడువులోగా క్షేమమని తెలపకపోతే అలారం మోగుతుంది. అయితే ఆ టైమర్ సర్వర్‌లో నడుస్తున్నదా, ఫోన్‌లోనే నడుస్తున్నదా అన్నది కీలకం. ఫోన్‌లోనే నడిచే టైమర్ ఫోన్ పగిలినా, నీళ్లలో పడినా దానితో పాటే ఆగిపోతుంది. దీన్ని పరీక్షించడం చాలా తేలిక: టైమర్ మొదలుపెట్టి, ఫోన్‌ను పూర్తిగా ఆపేసి, గడువు దాటాక అలారం వచ్చిందో లేదో చూడాలి. ఈ పరీక్షలో నిలబడని యాప్‌ను మిగతా సదుపాయాలు ఎన్ని ఉన్నా నేను పక్కన పెడతాను.

ఇక కచ్చితత్వం విషయానికి వస్తే, ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్‌లోని జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో స్థానం చూపుతుంది. ఎత్తైన కట్టడాల మధ్య సంకేతాలు గోడలకు తగిలి తిరిగి రావడం వల్ల మ్యాప్‌పై మనిషి స్థానాన్ని చూపే చుక్క పక్క వీధికి జరిగిపోవచ్చు. జీపీఎస్ ఉపగ్రహాలు పంపే ఎల్1 సంకేతంతో పాటు ఎల్5 అనే మరో ఫ్రీక్వెన్సీని కూడా అందుకునే పరికరాలలో ఈ ఇబ్బంది తగ్గుతుంది. రేకుల షెడ్డులోనూ, నేలమాళిగలోనూ జీపీఎస్ మీద ఆధారపడలేము. అక్కడ సెల్ టవర్ల ఆధారంగా లెక్కవేసిన స్థానం వందల మీటర్ల నుంచి కొన్ని కిలోమీటర్ల దాకా తప్పవచ్చు. లోపలి గదులలో మనిషిని వెతకవలసి వచ్చే చోట గోడలకు బ్లూటూత్ బీకన్లు (దగ్గరలోని పరికరానికి సంకేతం పంపే చిన్న పెట్టెలు) అమర్చితే కొన్ని మీటర్ల తేడాతో తెలుస్తుంది.

తెరపై చుక్క ఎక్కడ ఉందన్నదాని కంటే అది ఎప్పటిదన్నదే నాకు ముఖ్యం. మేము ముందు వాడిన వ్యవస్థలో చుక్క ఎప్పుడూ ఒకే పచ్చరంగులో ఉండేది. అది నలభై నిమిషాల కిందటిదని తెలియాలంటే దానిపై నొక్కి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవాలి. ఇప్పటి వ్యవస్థలో సమాచారం పాతబడేకొద్దీ చుక్క రంగు మారుతుంది, చుట్టూ ఉన్న వలయం పెద్దదవుతుంది. అలారం మోగుతున్న వేళ, వెతకడానికి వెళ్లేవారిని ఎంత మేర గాలించమనాలో ఆ వలయాన్ని చూసే నిర్ణయిస్తాము.

ఫోన్ యాప్‌కు ఉన్న పెద్ద బలహీనత ఫోనే. బ్యాటరీ ఆదా కోసం ఆండ్రాయిడ్ ఫోన్లు వెనుక నడిచే యాప్‌లను నిలిపివేస్తుంటాయి, కాబట్టి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ లొకేషన్ అనుమతులను, బ్యాటరీ సెట్టింగులను మళ్లీ సరిచూడాలి. గ్లౌజులు వేసుకున్న చేతితో తెర తెరవడమూ కష్టమే. ప్రత్యేక పరికరంలో ఈ బాధలు లేవు. కానీ 2జీ, 3జీ సేవలు చాలా దేశాలలో నిలిచిపోతున్నందున 4జీ మీద పనిచేసేదే కొనాలి. పేలుడు స్వభావం ఉన్న వాయువులుండే చోటికి అందుకు ధ్రువీకరణ పొందిన పరికరం తప్ప మామూలు ఫోన్ తీసుకెళ్లకూడదు.

పడిపోవడాన్ని గుర్తించే సెన్సర్ మంచిదే కానీ, గోడకు ఆనుకుని మెల్లగా జారి కూలిపోయినవారిని అది గుర్తించకపోవచ్చు. కదలిక లేకపోవడాన్ని గుర్తించే సదుపాయం అక్కడ పనికొస్తుంది. పంపు కింద పడుకుని బోల్టు బిగించేవారికి అదే సదుపాయం తప్పుడు అలారం ఇస్తుంది కనుక, అలారానికి ముందు పరికరం గట్టిగా వణికి, రద్దు చేసుకోవడానికి కొంత వ్యవధి ఇవ్వాలి.

ఉపగ్రహ పరికరాలలో ఇరిడియం వ్యవస్థ మీద పనిచేసేవి ధ్రువాలతో సహా భూమి అంతటా అందుతాయి. దాదాపు 780 కిలోమీటర్ల ఎత్తులో 66 ఉపగ్రహాలు అందుకోసం తిరుగుతుంటాయి. అయినా దట్టమైన చెట్ల కింద సందేశం వెళ్లడానికి నిమిషాలు పట్టవచ్చు, కట్టడం లోపల అసలు వెళ్లకపోవచ్చు. కొన్ని దేశాలలో వీటిని వెంట ఉంచుకోవడానికే ముందస్తు అనుమతి కావాలి.

సిబ్బంది నమ్మకం లేకపోతే ఇవేవీ పనిచేయవు. రోజంతా తమను గమనిస్తున్నారన్న అనుమానంతో మొదట్లో కొందరు పరికరాన్ని వాహనంలోనే వదిలి వెళ్లేవారు, అది న్యాయమైన అభ్యంతరమే. డ్యూటీ ముగియగానే ట్రాకింగ్ ఆగిపోయేలా, అలారం వచ్చినప్పుడు మాత్రమే స్థానం తెరపై కనిపించేలా మార్చి, పాత వివరాలు ఎవరు చూడగలరో రాతపూర్వకంగా తెలిపాక వారంతట వారే వెంట తీసుకెళ్లసాగారు.

అర్ధరాత్రి వేళ ముందుగా చెప్పకుండా అలారం పరీక్షలు పెట్టినప్పుడు మరో లోటు బయటపడింది. చుక్క సరిగ్గానే చూపించింది, కానీ ఆ ఆవరణకు వాహనం ఏ గేటు గుండా వెళ్తుందో, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కంట్రోల్ రూమ్‌లో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఆ వివరాలన్నీ ఒక్కో స్థలం పేరు కింద నమోదు చేయించి, అలారం మోగగానే మ్యాప్ పక్కనే కనిపించేలా ఏర్పాటు చేయించుకున్నాము.